అస్సీసి పునీత ఫ్రాన్సిస్ దేవాలయం: మూడు గంటల వ్యవధిలో గైడుతో వెళ్ళడం మంచిదా?

జ్ఞానాపురం పాక అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, జ్ఞానాపురం. సెప్టెంబరు నెలాఖరులో మా అమ్మను తీసుకొని ఒక యాత్రా బృందంతో ఇటలీ వెళ్తున్నాను. రోములో నాలుగు రోజులు ఉంటాము. అందులో ఒక రోజు బస్సులో అస్సీసి వెళ్ళి, పునీత ఫ్రాన్సిస్ వారి దేవాలయం చూసుకొని, రాత్రికి తిరిగి రోము చేరాలన్నది నిర్వాహకులు ఇచ్చిన కార్యక్రమం. లెక్క వేసి చూస్తే దేవాలయం దగ్గర మా చేతిలో ఉండేది మూడు గంటలే. అందులో గంటసేపు గైడుతో దర్శనం ఉంటుందనీ, కావలసినవారు విడిగా పేరు ఇవ్వాలనీ చెప్పారు.

పేరు ఇవ్వడానికి నేను వెనుకాడడానికి కారణం ఉంది. నాలుగేళ్ళ క్రితం మరొక పుణ్యక్షేత్రానికి ఇలాగే గైడుతో వెళ్ళాము. ఏ ఊరో చెప్పడం ఇక్కడ అనవసరం. ఆయన ఎత్తి పట్టుకున్న చిన్న జెండా ఎటు పోతే అటు పరుగెత్తడమే మా పని అయింది. ప్రతి పటం ముందు నిలబడి చిత్రకారుడి పేరు, సంవత్సరం, ఈ రోజున అమ్మితే ఎంత పలుకుతుందో చెప్పి కదిలిపోయారు. అంతా ముగిసి బస్సెక్కాక మా అమ్మ, "ఇంతకీ ఆ పునీతుడి సమాధి ఎక్కడుందిరా? నేను దండమే పెట్టుకోలేదు" అన్నది. అప్పటికే బస్సు కదిలింది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉన్నది.

నా సొంత ఆసక్తి మరొకటి. మా విచారణలో (పారిష్‌లో) ఇరవై ఏళ్ళుగా క్రిస్మస్‌కు పశువుల పాక కట్టేది నేనే. గోధుమరంగు కాగితాలను గంజిలో తడిపి, నలిపి, కొండలుగా నిలబెట్టి, తాటాకు కప్పు వేసి, ఎండుగడ్డి పరచి, బీచి నుంచి తెచ్చిన ఇసుకతో దారి పోస్తాను. ఈ ఆచారం పునీత ఫ్రాన్సిస్ వారితోనే మొదలైందనీ, ఆ ఘట్టం అస్సీసి దేవాలయపు గోడ మీద చిత్రించి ఉన్నదనీ మా ఫాదర్ గారు ఎప్పుడో ప్రసంగంలో చెప్పారు. నాకు చిత్రకళ తెలియదు, కానీ ఆ ఒక్క చిత్రం ముందు తీరికగా నిలబడాలని ఉన్నది. అమ్మకు 71 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పి ఉన్నా నెమ్మదిగా నడవగలదు. గైడుతో వెళ్ళాలా, మేమే వెళ్ళాలా, ఏది ముందు చూడాలి, ఏది వదిలేయాలి అన్నవి చూసివచ్చినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

సున్నపు గార సమాధానం:

నేను చిత్రలేఖనం బోధించి రిటైరయ్యాను, ఇప్పుడు ఉండేది ఎం.వి.పి. కాలనీలో. అస్సీసికి రెండుసార్లు వెళ్ళాను; మొదటిసారి గైడుతో, రెండవసారి ఒంటరిగా. ఈ రెండు వరుసలు తారుమారై ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

అది ఒకే గుడి కాదు, ఒకదాని మీద ఒకటి కట్టిన రెండు గుళ్ళు. కింది గుడి అడుగున సమాధి ఉన్న భూగర్భ మందిరం. ఫ్రాన్సిస్ 1226 అక్టోబరు 3న మరణించారు. 1228 జూలైలో ఆయనను పునీతుడిగా ప్రకటించిన మరునాడే పోపు తొమ్మిదవ గ్రెగరీ ఈ నిర్మాణానికి పునాదిరాయి వేశారు. 1253లో ప్రతిష్ఠ జరిగింది. మీరు అడుగుతున్న చిత్రం పై గుడిలో ఉన్నది.

పై గుడిలో నిలబడినవారి కంటికి కాస్త ఎత్తున, గోడల చుట్టూ 28 చిత్రాలలో ఆయన జీవితకథ నడుస్తుంది. బలిపీఠానికి ఎదురుగా నిలబడితే మీ కుడిచేతి గోడ మీద, బలిపీఠం దగ్గర కథ మొదలై ద్వారం వైపు వస్తుంది. ద్వారానికి చెరొక పక్కన ఒక్కొక్క చిత్రం ఉంటుంది. తరువాత ఎడమ గోడ మీదుగా తిరిగి బలిపీఠం వైపు సాగుతుంది. అంటే గుడిలో అడుగుపెట్టగానే ఎదురయ్యేది కథ మొదలు కాదు, నడిమధ్య. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం గందరగోళం తప్పుతుంది. మీరు చూడాలనుకుంటున్న క్రిస్మస్ ఘట్టం, అంటే గ్రెచ్చో చిత్రం 13వది, కుడి గోడ మీద ద్వారానికి దగ్గరలో చిట్టచివరిది.

ఆ చిత్రంలో ముందుగా పశువుల పాక కోసం వెతకకండి, కనిపించదు. 1223 క్రిస్మస్ రాత్రి గ్రెచ్చో అనే ఊళ్ళో ఫ్రాన్సిస్ గడ్డి తెప్పించి, ఎద్దును, గాడిదను కట్టించి, తొట్టె అమర్చి పూజ చేయించారని ఆయన తొలి చరిత్రకారుడు చెలానో తోమా రాశాడు. ఆ సంగతిని చిత్రకారుడు ఒక గుడి లోపలికి తెచ్చాడు, అది కూడా సామాన్య జనం అడుగుపెట్టని బలిపీఠపు ప్రాంగణంలోకి. ఫ్రాన్సిస్ డీకను (పూజలో గురువుకు తోడ్పడే సేవకుడు) వస్త్రాలలో వంగి శిశువును ఎత్తుకుంటూ ఉంటారు. ఎద్దు, గాడిద చిన్నవి, ఆటబొమ్మలంత. వెనుక నలుగురు మఠవాసులు నోళ్ళు బార్లా తెరచి పాడుతున్నారు. శబ్దాన్ని రంగులో పట్టడానికి చేసిన ఆ ప్రయత్నం చూస్తే ఇప్పటికీ నవ్వు, ఆశ్చర్యం రెండూ కలుగుతాయి. స్త్రీలు మాత్రం ఆ ప్రాంగణాన్ని వేరుచేసే అడ్డుగోడ ద్వారం దగ్గరే ఆగిపోయి తొంగిచూస్తున్నారు.

ఇక తల పైకెత్తండి. అడ్డుగోడ మీద ఒక పెద్ద కొయ్య స్లీవ (సిలువ) జనం వైపుకు వాలి ఉంటుంది. మనకు కనిపించేది దాని వెనుకభాగం: పలకలు, వాటిని బిగించిన అడ్డుచట్రం, వాలు నిలపడానికి కట్టిన ఆధారం. క్రీస్తు రూపం అవతలివైపు ఉన్నది, మనకు కనబడదు. ముందువైపు మాత్రమే పూజనీయమనుకునే ఒక వస్తువును వెనుక నుంచి, వడ్రంగి చూసినట్లు చూపించిన చిత్రం అంతకు ముందు నాకు ఎక్కడా తారసపడలేదు. పాక కట్టేవారు మీరు, కాగితపు కొండల వెనుక ఏ పుల్లలు, ఏ పురికొసలు ఉంటాయో తెలిసినవారు. ఆ స్లీవ వెనుకభాగం గురించి ఏ గైడు చెప్పినా చెప్పకపోయినా మీకు అర్థమవుతుంది.

గైడు విషయానికి వస్తే, నా మొదటి దర్శనంలో ఆయన ఈ చిత్రం దగ్గర ఆగింది ఒక్క నిమిషం కూడా కాదు. కానీ ఆయన చూపించి ఉండకపోతే నేను గమనించలేని సంగతి ఒకటుంది. ఈ బొమ్మలు తడి సున్నపు గార మీద వేసినవి. ముందు గరుకు గార పూసి, దాని మీద ఆ రోజు బొమ్మ పూర్తి చేయగలిగినంత మేరకే నున్నటి గార మెత్తుతారు. అది ఆరేలోగా నీటిలో కలిపిన రంగు పూయాలి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సున్నం గట్టిపడుతుంది, రంగు దానిలో చిక్కుకుపోతుంది. మరునాడు పక్కనే కొత్త గార వేసినప్పుడు రెండింటి మధ్య సన్నని అతుకు మిగులుతుంది. వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు ఆ అతుకులను గుర్తుపట్టి, ఒక ముఖానికి ఒక రోజు పట్టిందనీ, ఆకాశం మొత్తం మరొక రోజులో అయిపోయిందనీ లెక్కపెట్టవచ్చు. కనుక గైడు పనికిరాడని నేను అనను. మీరు ముందు ఒంటరిగా చూసి, ఆ తరువాత వినండి అంటాను.

పాత పోస్టాఫీసు సిస్టర్ సమాధానం:

మాస్టారు గారు చిత్రాల గురించి చక్కగా చెప్పారు. నేను రోములో చదువుకున్న మూడేళ్ళలో అస్సీసికి చాలాసార్లు వెళ్ళాను. నా అభిప్రాయం కొంచెం వేరు.

మీ అమ్మగారిని ముందు సమాధి దగ్గరకు తీసుకువెళ్ళండి. మన రాస్ హిల్ మీది కొండగుడికి డిసెంబరు 8 పండుగనాడు ఎక్కేవారందరూ ముందు మరియమాతకు దండం పెట్టుకొని, కొవ్వొత్తి వెలిగించి, ఆ తరువాతనే వెనక్కి తిరిగి రేవులోని ఓడలను చూస్తారు. అస్సీసిలో కూడా ఆ వరుసే సరైనది. ఆ దేవాలయం చిత్రశాలగా కట్టినది కాదు. ఒక సమాధి కోసం కట్టారు. దానిని చూడవచ్చిన వేలమంది నిరక్షరాస్యులకు ఆయన ఎవరో చెప్పడానికి గోడలకు బొమ్మలు వేశారు. సమాధి దగ్గర పది నిమిషాలు మౌనంగా కూర్చున్న తరువాత పైకి వెళ్ళి చూస్తే ఆ 28 చిత్రాలూ ఒక మనిషి కథగా కనిపిస్తాయి.

కింది గుడి నడిమి భాగం నుంచి మెట్లు దిగితే సమాధి మందిరం వస్తుంది. ఇనుప పట్టీలు బిగించిన సాదా రాతిపెట్టె. చుట్టూ నాలుగు మూలలలో ఆయన తొలి సహచరులు లియో, రుఫీనో, మస్సేయో, ఆంజెలోల సమాధులు. 1230లో దేహాన్ని ఇక్కడికి చేర్చినప్పుడు ఎవరూ ఎత్తుకుపోకుండా ఎంత లోతున దాచారంటే, దానిని మళ్ళీ కనుగొన్నది 1818లో. అక్కడ వెలిగే దీపానికి ప్రతి సంవత్సరం అక్టోబరు 4 పండుగనాడు ఇటలీలోని ఒక్కొక్క ప్రాంతం వంతులవారీగా నూనె సమర్పిస్తుంది. ఈ వంతు సంగతి మీ అమ్మగారికి చెప్పండి, మన ఊళ్ళలో పండుగ ఖర్చుకు వీధులవారీగా వంతులు వేసుకోవడం ఆమెకు గుర్తుకు వస్తుంది.

గైడు గురించి నా సలహా ఇది. వీలైతే మీ నిర్వాహకుల గైడును కాక, అక్కడి మఠవాసులలో ఒకరిని ముందుగా అడిగి పెట్టించుకోమనండి. వారు యాత్రికుల బృందాలకు దర్శనం చేయిస్తారు. వారు కూడా చిత్రకారుల పేర్లు చెబుతారు, కానీ ఫ్రాన్సిస్ బట్టలు విప్పి తండ్రికి తిరిగి ఇచ్చేసిన చిత్రం ముందు నిలబడి, తాము మఠంలో చేరిన రోజున తమ తండ్రి ఏమన్నాడో కూడా చెబుతారు. నేను విన్నది అదే. ఆ చిత్రం కుడి గోడ మీద అయిదవది. తండ్రి బట్టల వర్తకుడు. పసుపురంగు అంగీ వేసుకొని, కొడుకు విసిరిన బట్టలను ఒక చేతి మీద వేసుకొని, ఆవేశంగా ముందుకు వస్తుంటే వెనుక నుంచి ఒకడు అతని చేయి పట్టి ఆపుతున్నాడు. ఇటు పీఠాధిపతి (బిషప్పు) తన వస్త్రంతో కుర్రవాడి నగ్నత్వాన్ని కప్పుతున్నారు. తండ్రికీ కొడుకుకూ నడుమ ఖాళీ ఆకాశం తప్ప ఏమీ లేదు. నేను ఇల్లు వదలిన రోజున మా నాన్నగారు గుమ్మం దాటి బయటికి రాలేదు. ఆ ఖాళీ స్థలం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

పై గుడిలోనే సమయమంతా గడిపి కింది గుడిని దాటుకుంటూ పోకండి, చాలా బృందాలు చేసే పొరపాటు అది. కింది గుడి చీకటిగా, తక్కువ ఎత్తు కమానులతో, నిండా రంగులతో ఉంటుంది. గుడి ఎడమ రెక్క గోడల మీద పియెత్రో లొరెంజెత్తి అనే చిత్రకారుడు వేసిన క్రీస్తు పాటుల (శ్రమల) చిత్రాలున్నాయి. అందులో కడరాత్రి భోజనం చూడండి. ప్రభువు, శిష్యులు కూర్చున్న మండపానికి పక్కనే ఇరుకైన వంటగది ఉన్నది. పొయ్యి మండుతోంది, దాని దగ్గర పిల్లి వెచ్చగా పడుకుంది, ఒక కుక్క పళ్ళెంలో మిగిలినది నాకుతోంది, పనివాడు వంగి పళ్ళెం తుడుస్తున్నాడు. జీవితమంతా క్రిస్మస్ భోజనాలకు వంటగదిలో ఉండిపోయిన తల్లులెవరైనా ఆ మూల చూడకుండా రాకూడదు.

సీతమ్మధార నుంచి సమాధానం:

మేము క్రైస్తవులం కాదు. మా అబ్బాయి ఇటలీలో చదువుకుంటున్నప్పుడు నేను, మా ఆవిడ, మా అత్తగారు కలిసి అస్సీసి వెళ్ళాము. పైవారిద్దరూ చెప్పని నాలుగు మాటలు చెబుతాను.

లోపల ఫోటోలు తీయనివ్వరు. గొంతులు పెరిగితే మౌనం పాటించమని హెచ్చరిక వినిపిస్తుంది. అందువల్ల గైడు మైకులో మెల్లగా మాట్లాడితే మనం చెవిలో పెట్టుకున్న పరికరం ద్వారా వింటాము. పెద్దవారికి ఆ పరికరం చెవిలో నిలవదు. మా అత్తగారిది మూడుసార్లు జారిపడింది, ఆమెకు సగం కథ అందలేదు. బయలుదేరే ముందే అమ్మగారి చేత ఒకసారి ఇయర్‌ఫోను పెట్టించి అలవాటు చేయండి. భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు ఉండాలన్న నియమం చీర కట్టుకున్నవారికి ఇబ్బంది కలిగించదు.

మోకాళ్ళకు పరీక్ష అయ్యేది బస్సు దిగిన చోటి నుంచి గుడి వరకు ఉన్న ఎత్తు. అస్సీసి కొండ వాలు మీద కట్టిన ఊరు, రాళ్ళు పరచిన వీధులు. ఆ పైన సమాధికి దిగే మెట్లు, కింది గుడి నుంచి పై గుడికి ఎక్కే మెట్లు ఉంటాయి. అన్నీ ఒకే ఊపులో వద్దు. సమాధి దగ్గర బల్లల మీద కూర్చోవచ్చు, పై గుడిలో కూడా కూర్చోవచ్చు. కూర్చుని చూడగలిగిన చిత్రాలు కొన్ని ఉండడం మీకు కలిసివచ్చే విషయం.

మా గైడు ప్రతి చిత్రాన్నీ "ఇది జొట్టో, ఇది కూడా జొట్టో" అని ఒకే చిత్రకారుడి పేరు చెబుతూ పోయాడు. ఇంటికి వచ్చాక చదివితే ఆ 28 చిత్రాలను అసలు ఎవరు వేశారన్న దాని మీద పండితులు వంద ఏళ్ళకు పైగా వాదించుకుంటున్నారని తెలిసింది. జొట్టోదేనని కొందరు, రోము నుంచి వచ్చిన చిత్రకారులదని మరికొందరు అంటున్నారు. ఇది గైడు చెప్పి ఉంటే మాకు ఆసక్తి పెరిగేదే కాని తగ్గేది కాదు. అడగండి, జవాబును బట్టి గైడు సత్తా తెలిసిపోతుంది.

సున్నపు గార మళ్ళీ:

సిస్టర్ గారి మాటే సరైనదని ఒప్పుకుంటున్నాను. సమాధి ముందు, చిత్రాలు తరువాత. నేను చెప్పింది చిత్రకారుడి వరుస, ఆమె చెప్పింది యాత్రికుడి వరుస. అమ్మగారితో వెళ్ళేవారు రెండవదే పాటించాలి.

సీతమ్మధారవారు ఎత్తిన ప్రశ్న మంచిది. శైలిలోనే తేడాలు కనిపిస్తాయి. పెద్ద వర్క్‌షాపు పని అది, చాలా చేతులు పడ్డాయి. చివరి కొన్ని చిత్రాలలో మనుషులు పొడుగ్గా, సన్నగా ఉంటారు, ఆ చేయి వేరని చిత్రాలు చదవడం రానివారికి కూడా తడుతుంది.

మరొక రెండు చోట్లు మాత్రం గైడు ఉంటేనే ఉపయోగం. పై గుడిలో బలిపీఠానికి ఎడమవైపు రెక్కలో చిమబూయె అనే చిత్రకారుడు వేసిన స్లీవ ఘట్టం ఉన్నది. మొదటిసారి చూసినవారు అది కాలిపోయిందనుకుంటారు. ఫోటో నెగెటివు లాగా వెలుతురు ఉండవలసిన చోట నలుపు ఉంటుంది. ఆయన వాడిన సీసపు తెలుపు కాలక్రమంలో మారి నల్లబడడమే దానికి కారణం. అది తెలిశాక చూస్తే, ముఖాలు నల్లబడినా చేతులెత్తి రోదించే ఆ గుంపు, ఆకాశంలో సుడులు తిరిగే దేవదూతలు నెమ్మదిగా బయటికి వస్తారు. రెండవది కప్పు. 1997 సెప్టెంబరు 26న తెల్లవారుజామున ఒక భూకంపం వచ్చింది. నష్టాన్ని పరిశీలించడానికి లోపలికి వెళ్ళినవారి మీద అదే రోజు రెండవ ప్రకంపనకు కప్పు కూలి నలుగురు మరణించారు. ఇద్దరు ఫ్రాన్సిస్కన్ మఠానికి చెందినవారు, ఇద్దరు సాంకేతిక నిపుణులు. నేల మీద రాలిన రంగు గార ముక్కలను జల్లించి, వేలకు వేలు ఏరి, వాటిలో చాలావాటిని తిరిగి అతికించారు. రెండేళ్ళ తరువాత, 1999 నవంబరులో గుడి మళ్ళీ తెరిచారు. ద్వారం దగ్గర నిలబడి పైకి చూస్తే రంగు పలచబడిన చోట్లు, అసలు బొమ్మే లేని చోట్లు కనిపిస్తాయి. పోయిన చోట కొత్త బొమ్మ వేసి మభ్యపెట్టకుండా వదిలేయడం నాకు నచ్చింది. లేపాక్షి వీరభద్రాలయంలో మెడ వెనక్కి వాల్చి కప్పు బొమ్మలు చూసినవారికి ఆ నొప్పి తెలుసు. చిన్న బైనాక్యులర్స్ పట్టుకెళ్ళండి.

పాత పోస్టాఫీసు సిస్టర్ మళ్ళీ:

బృందం బస్సు కొండ ఎక్కే ముందు మైదానంలోని సాంత మరియా దెల్యి ఆంజెలి దగ్గర ఆగుతుందేమో అడగండి. పెద్ద దేవాలయం లోపల పోర్సియుంకుల అనే చిన్న రాతి గుడి ఉన్నది. ఫ్రాన్సిస్ తుదిశ్వాస విడిచిన చోటు దాని పక్కనే. ఆ చిన్న గుడి మీ పాక కంటే మరీ పెద్దదేమీ కాదు. అరగంట చాలు.

జ్ఞానాపురం పాక మళ్ళీ:

సిస్టర్ గారికి, మాస్టారు గారికి, సీతమ్మధార సోదరులకు కృతజ్ఞతలు. నిర్వాహకులతో మాట్లాడాను. మఠవాసులతో దర్శనం కోసం ఉత్తరం రాయడానికి ఒప్పుకున్నారు. కింద పోర్సియుంకుల దగ్గర ఆగడం సాధ్యమేనన్నారు, అందుకు బదులుగా దుకాణాల సమయం తగ్గిస్తామన్నారు. అభ్యంతరం చెప్పినవారు ఇద్దరే.

మా వరుస ఇలా అనుకున్నాము. బస్సు దిగగానే నేను, అమ్మ నేరుగా సమాధికి వెళ్తాము. మిగతా బృందం అక్కడికి వచ్చేవరకు అక్కడే కూర్చుంటాము. తరువాత మఠవాసి గారి వెంట కింది గుడి, ఆ వంటగది మూల, పై గుడి. దర్శనం ముగిశాక మిగిలే సమయంలో అమ్మ పై గుడిలో కూర్చుని జపమాల చెప్పుకుంటుంది, నేను 13వ చిత్రం దగ్గరకు వెళ్తాను. నిన్న రాత్రి మాస్టారు గారు రాసినదంతా అమ్మకు చదివి వినిపించాను. ఎద్దు, గాడిద ఆటబొమ్మలంత ఉంటాయన్న చోట ఆపి, "మన పాకలో ఎద్దు మరీ పెద్దదని నేను ఎన్నేళ్ళనుంచో చెబుతున్నాను, నువ్వు విన్నావా?" అన్నది.

మాస్టారు గారిని మరొక్క మాట అడగాలి. ఆ స్లీవ వెనుకవైపు అడ్డుపలకలు ఎన్ని, అవి ఏ వాలులో బిగించారో మీకు గుర్తుంటే చెప్పగలరా? లోపల ఫోటో తీయనివ్వరంటున్నారు కాబట్టి, నోటు పుస్తకం, పెన్సిలు తీసుకువెళ్ళి అక్కడే గీసుకుందామని అనుకుంటున్నాను.

సున్నపు గార మళ్ళీ:

నేను చెప్పను. పెన్సిలుతో పాటు రబ్బరు కూడా తీసుకువెళ్ళండి.